టీకా సూదితో భుజానికి గాయం: నష్టపరిహారపు దారులు

టీకా సూది దిగవలసిన చోటుకన్నా పైన దిగితే మందు కండలోకి చేరదు, భుజం కీలును కాచే పల్చని తిత్తిలోకి పోతుంది. అక్కడ వాపు మొదలై నెలలపాటు, కొందరికి ఏళ్లపాటు చెయ్యి పైకి లేవదు. వైద్యులు దీన్ని 'సిర్వా' అంటారు. టీకా వేయడంలో భుజానికి తగిలిన గాయం అనే అర్థమున్న ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలు కలిపి చేసిన మాట అది. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు ఈ పేరు వినిపించకపోయినా బాధ చెప్పుకునే మాట మాత్రం ఉంది: "సూది వేయించుకున్న కాణ్ణించి జబ్బ పట్టేసింది."

అమెరికాలో ఈ గాయానికి పరిహారమిచ్చే ప్రత్యేక ఏర్పాటు ఉంది. మన పార్లమెంటు అలాంటి చట్టం చేయలేదు. అయినా దారులు మూసుకుపోలేదు. టీకాతో ముడిపడ్డ నష్టాలన్నిటిలోకీ కోర్టులో రుజువు చేయడానికి ఎక్కువ వీలున్నది ఈ భుజం గాయమే. ఇక్కడ ప్రశ్న మందు గురించి కాదు, సూది దిగిన చోటు గురించి. ఆ చోటును వేలితో చూపించవచ్చు.

గాయం ఎలా అవుతుంది

పెద్దవాళ్లకు కండకు వేసే టీకాలు చాలావరకు జబ్బకే వేస్తారు. ధనుర్వాతం, కుక్కకాటు, ఫ్లూ, హెపటైటిస్ బి, కోవిడ్ టీకాలు అన్నిటికీ చోటు అదే. అక్కడి కండ పేరు డెల్టాయిడ్. మూడు మూలల గ్రీకు అక్షరం డెల్టా ఆకారంలో ఉంటుందని ఆ పేరు పెట్టారు. తెనాలి, రేపల్లెల చుట్టూ ఉన్న కృష్ణా డెల్టాకు పేరిచ్చిందీ ఆ అక్షరమే. పసిపిల్లలకు ఈ కండ ఇంకా ఎదగదు గనుక వారికి తొడకు వేస్తారు.

భుజం చివర చేతికి గట్టిగా తగిలే ఎముక అంచు ఉంటుంది. దానికి రెండు మూడు వేళ్ల మందం కింద, కండ దట్టంగా ఉన్నచోట, సూదిని నిటారుగా దించాలి. ఆ ఎముక అంచు కింద నుంచే కీలు తిత్తి మొదలవుతుంది. అది అంచు దాటి 3 నుంచి 6 సెంటీమీటర్ల దాకా కిందికి పరచుకుని ఉండవచ్చనీ, చర్మానికి ఒక సెంటీమీటరు లోతులోనే తగలవచ్చనీ అమెరికా వైద్యులు అల్ట్రాసౌండుతో కొలిచి 2007లో ప్రచురించారు. పెద్దవాళ్లకు వాడే సూది పొడవు సుమారు 25 మిల్లీమీటర్లు. పైన గుచ్చితే అది తిత్తిని సులువుగా అందుకుంటుంది. టీకా పనే శరీరంలో వ్యాధి నిరోధక స్పందనను లేపడం. కండలో జరగవలసిన ఆ పని తిత్తిలో, స్నాయువుల మధ్య జరిగితే అక్కడే వాపు పుడుతుంది. మరీ కింద గుచ్చినా ప్రమాదమే, కాకపోతే అప్పుడు దెబ్బతినేది నరం.

సూది పైకి పోవడానికి అజ్ఞానం ఒక్కటే కారణం కాదు. వరుసలో నిలబడ్డ మనిషి చొక్కా మెడ దగ్గర వదులు చేసి భుజం చూపిస్తే కనిపించేది భుజం పై అంచే. బిగుతు చేతుల రవిక వేసుకున్న ఆడవాళ్లకు చెయ్యి పైకి మడవడం కుదరదు, భుజం మీంచి కిందికి లాగుతారు. అప్పుడూ అంతే. పరదా లేని చోట, నలుగురూ చూస్తున్నచోట, రవిక పూర్తిగా పక్కకు తీయమని అడగడానికి వేసేవారికీ మొహమాటమే. గాయాన్ని తప్పించాలంటే నైపుణ్యంతో పాటు ఒక తెర, ఒక కుర్చీ కూడా కావాలి. మనిషి కూర్చుని, వేసేవారు నిలబడి ఉన్నప్పుడు కూడా సూది పైకి పోతుంది. ఇద్దరూ కూర్చుంటే మంచిది.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 జూన్ 20న ఒక్కరోజులో 13 లక్షలకు పైగా కోవిడ్ టీకాలు వేశారు. ఆ రోజు ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఎంత శ్రమపడ్డారో చూసినవారు మరచిపోరు. పరిహారం గురించి మాట్లాడడమంటే వారిని బోనెక్కించడం కాదు. లక్షల సూదులు దిగినప్పుడు కొన్ని తప్పుచోట దిగుతాయి. ఆ కొద్దిమంది బాధను ఎవరు మోయాలన్నదే అసలు ప్రశ్న.

టీకా తరవాత ఒకటి రెండు రోజులు జబ్బ నొప్పిగా ఉండడం మామూలే, అది దానంతట అదే తగ్గిపోతుంది. సిర్వాలో నొప్పి గంటల్లోనో, మర్నాటికో మొదలై వారాలు గడిచినా తగ్గదు. తల దువ్వుకోవడం, జడ వేసుకోవడం, బస్సులో పైకడ్డీ పట్టుకోవడం కష్టమవుతుంది. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే మెలకువ వస్తుంది. ఎమ్మారై తీస్తే తిత్తిలో నీరో, స్నాయువు వాపో కనిపించవచ్చు. నొప్పి మాత్రలు, వ్యాయామ చికిత్స, కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఇవేవీ పనిచేయకపోతే శస్త్రచికిత్స. రెక్కాడితేగాని డొక్కాడని ఇంటికి ఈ వరుసలో ప్రతి మెట్టూ బరువే.

మందా, సూదా

తప్పు మందుదా, సూదిదా అన్న తేడా చూడకపోవడం మన దేశ చరిత్రలో ఒకసారి ఎంతో నష్టం చేసింది. 1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో ప్లేగు టీకా వేయించుకున్నవారిలో 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. వారంతా ఒకే సీసాలోని మందు తీసుకున్నవారు. టీకా కనిపెట్టిన వాల్దెమార్ హాఫ్‌కిన్ మీద నింద పడింది, ఉద్యోగం పోయింది. సీసా మూత తెరిచేటప్పుడు జరిగిన కాలుష్యమే కారణమనే వాదనకు బలం చేకూరి ఆయన నిర్దోషిగా బయటపడేసరికి 1907 వచ్చింది. మందు తయారైన చోట జరిగే తప్పు వేరు, అది మనిషి ఒంట్లోకి వెళ్లే చోట జరిగే తప్పు వేరు. ఈ రెండూ కలిసిపోతే టీకా మీద నమ్మకమూ పోతుంది, గాయపడినవారికి న్యాయమూ దొరకదు. భుజం గాయాన్ని స్పష్టంగా రెండో కోవలో పెట్టడం ఇద్దరికీ మేలు.

అమెరికా పట్టిక

అమెరికా పార్లమెంటు 1986లో చట్టం చేసి, 1988 అక్టోబరు 1 నుంచి టీకా నష్టాలకు పరిహార పథకం నడుపుతోంది. ఎవరిది తప్పో నిరూపించనక్కరలేదు. టీకాతో నివారించే ఒక్కో వ్యాధికి డోసుకు 75 సెంట్ల చొప్పున వేసే పన్నుతో నిధి కూడుతుంది. కేసు వాషింగ్టన్‌లోని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టులో, స్పెషల్ మాస్టర్లనే న్యాయాధికారుల ముందు నడుస్తుంది. నర్సు, డాక్టరు, కంపెనీ ఎవరూ ప్రతివాదులు కారు. ప్రతివాది ఆ దేశ ఆరోగ్య శాఖ కార్యదర్శి.

ఈ పథకానికి వచ్చిన దరఖాస్తుల్లోంచి 13 భుజం గాయాలను పరిశీలించిన వైద్యులు 2010లో 'సిర్వా' అన్న పేరు వాడుకలోకి తెచ్చారు. ఆ 13 మందిలో సగానికి పైగా సూది గుచ్చిన వెంటనే నొప్పి మొదలైందన్నారు. సూది మరీ పైన వేశారని దాదాపు సగం మంది గుర్తు చేసుకున్నారు. టీకా సూదికీ భుజం తిత్తి వాపుకూ సంబంధం ఉందనడానికి ఆధారాలు బలంగా ఉన్నాయని 2011లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ తేల్చింది. 2017 మార్చి 21 నుంచి సిర్వా అధికారిక పట్టికకు ఎక్కింది.

పట్టికకు ఎక్కడమంటే రుజువు భారం తగ్గడం. బాధితులు చూపవలసినవి నాలుగు సంగతులు: ఆ భుజానికి ముందు నుంచీ జబ్బు లేకపోవడం, టీకా వేసిన 48 గంటల్లో నొప్పి మొదలవడం, నొప్పీ కదలిక తగ్గడమూ సూది పడిన భుజానికే పరిమితం కావడం, మరో కారణమేదీ కనిపించకపోవడం. గాయం ప్రభావం ఆరు నెలలకు మించి ఉండాలి, లేదా ఆసుపత్రిలో చేరి శస్త్రచికిత్స చేయించుకోవలసి రావాలి. మొదటి లక్షణం కనిపించిన నాటినుంచి మూడేళ్లలో దరఖాస్తు పెట్టాలి. బాధకు, వేదనకు ఇచ్చే సొమ్ముకు పరిమితి 2,50,000 డాలర్లు. వైద్య ఖర్చులు, పోయిన జీతం వేరు. చాలా కేసులు విచారణ దాకా పోకుండా రాజీలోనే ముగుస్తాయి. న్యాయమైన ఆధారంతో, సదుద్దేశంతో వేసిన కేసు ఓడిపోయినా లాయరు ఫీజు పథకమే చెల్లిస్తుంది.

ఇటీవలి ఏళ్లలో ఆ కోర్టుకు వచ్చిన కేసుల్లో సగానికి పైగా సిర్వావే. ఇది టీకా లోపం కాదని, నిధి ఖాళీ అవుతుందని వాదించి, 2021 జనవరిలో దాన్ని పట్టికలోంచి తొలగిస్తూ అక్కడి ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ప్రభుత్వం మారాక, ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆ ఉత్తర్వును రద్దు చేశారు. కోవిడ్ టీకాలు మాత్రం ఈ పథకంలో లేవు. వాటికి గడువు ఏడాదే ఉన్న వేరే పథకం ఉంది.

ఇది తెనాలి ఇళ్లకు దూరపు సంగతి కాదు. ఈ ప్రాంతం పిల్లలు వేలమంది అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్నారు. అమ్మానాన్నలు ఆరు నెలలకని వెళ్లి, చలి మొదలవగానే వీధి చివరి మందుల షాపులో ఫ్లూ సూది వేయించుకుంటారు. ఆ పథకానికి దరఖాస్తు పెట్టడానికి అమెరికా పౌరసత్వం అక్కరలేదు, టీకా అక్కడి గడ్డ మీద వేయించుకుని ఉంటే చాలు. విజిటర్ వీసా మీద వెళ్లి, గాయంతో తిరిగొచ్చిన తల్లికీ ఆ హక్కు ఉంటుంది. ఇది మన వాళ్లలో ఎక్కువమందికి చేరని కబురు, చేరవలసిన కబురు.

మిగతా దేశాలు

పశ్చిమ జర్మనీ 1961లోనే టీకా నష్టాలకు పరిహార చట్టం చేసింది. బ్రిటన్ 1979 చట్టం కింద ఇచ్చేది 1,20,000 పౌండ్లు. కానీ 60 శాతం వైకల్యం ఉంటేనే ఇస్తారు గనుక భుజం గాయాలు దాదాపుగా ఆ గీత దాటలేవు. న్యూజిలాండ్‌లో టీకాలకని వేరే పథకమే లేదు. ప్రమాదం ఏదైనా, వైద్యంలో జరిగిన గాయమైనా 1974 నుంచి ఒకే సంస్థ భరిస్తుంది. మనం చూసి నేర్చుకోవలసింది అదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

తెలుగు నేల అనుభవం

టీకా, పరిహారం అన్న రెండు మాటలూ తెలుగునాట మొదటిసారి గట్టిగా కలిసి వినబడింది ఖమ్మం జిల్లాలో. 2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేశారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది. కానీ హాస్టల్ పిల్లల అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారన్నది బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ కార్యక్రమాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ నివేదికను కోర్టులో ఆధారంగా చూపవచ్చా అన్న ప్రశ్న రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్లి, చూపవచ్చని 2018 మేలో తీర్పు వచ్చింది. మందు ప్రయోగాల్లో గాయపడినవారికి ప్రయోగం నడిపిన సంస్థే పరిహారం ఇవ్వాలన్న నిబంధనలు 2013లో వచ్చాయి, 2019లో వాటిని విస్తరించారు.

2021 జనవరిలో హైదరాబాదు భారత్ బయోటెక్ వారి కోవాక్సిన్‌ను 'ప్రయోగ పద్ధతి'లో అనుమతించినప్పుడు, సంతకం పెట్టించిన అంగీకార పత్రంలో పరిహారం మాట ఉంది. తీవ్ర దుష్ప్రభావానికి టీకాయే కారణమని తేలితే సంస్థ చెల్లిస్తుందని రాశారు. మార్చిలో ఆ ప్రయోగ పద్ధతి షరతు ఎత్తేశారు, పత్రమూ పోయింది. టీకా తరవాత కూతుళ్లను పోగొట్టుకున్న రెండు కుటుంబాల తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. వారిలో ఒకరు హైదరాబాదు తల్లి. టీకా వేయించుకోవడం ఐచ్ఛికమనీ, నష్టం జరిగితే సివిల్ కోర్టుకు పోవచ్చనీ కేంద్రం 2022 నవంబరులో ఆ కోర్టుకు ప్రమాణపత్రం ఇచ్చింది. దేశం కోసం చెయ్యి చాపమని అడిగిన ప్రభుత్వం, ఆ చెయ్యి దెబ్బతింటే ఒంటరిగా కోర్టుకు పొమ్మనడం న్యాయంగా లేదు.

ఇక్కడి దారులు

ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు కట్టి టీకా వేయించుకున్నవారికి దగ్గరి దారి వినియోగదారుల కమిషన్. వైద్యం కూడా 'సేవ'యేనని 1995లో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2019 చట్టం ప్రకారం ఏ స్థాయి కమిషన్‌కు పోవాలన్నది అడిగే పరిహారాన్ని బట్టి కాక, సేవకు చెల్లించిన సొమ్మును బట్టి నిర్ణయమవుతుంది. టీకాకు కట్టేది వందలు, వేలల్లోనే గనుక ఇవన్నీ జిల్లా కమిషన్ కిందికే వస్తాయి. చెల్లించింది 5 లక్షలు దాటకపోతే దాఖలు రుసుము లేదు. తాను ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, లాయరు లేకుండా వాదించుకోవచ్చు, ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు.

ఉచిత టీకా దగ్గర చిక్కు వస్తుంది. అందరికీ అన్నీ ఉచితంగా చేసే ఆసుపత్రి సేవ వినియోగదారుల చట్టం కిందికి రాదని శాంత తీర్పే చెప్పింది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసేచోట మాత్రం ఉచితంగా చేయించుకున్నవారికీ హక్కు ఉంటుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, ఊరి సబ్‌సెంటర్‌లోనో వేయించుకున్నవారికి మిగిలేది సివిల్ కోర్టు. సిబ్బంది నిర్లక్ష్యానికి ప్రభుత్వం బాధ్యత వహించాలని 1996లో అచ్యుతరావు కేసులో, 2000లో సంత్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దావాకు ముందు ప్రభుత్వానికి రెండు నెలల నోటీసు ఇవ్వాలి. గడువు సాధారణంగా మూడేళ్లు. అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, కట్టలేనివారు నిరుపేదగా దావా వేయడానికి అనుమతి కోరవచ్చు. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 చట్టం కింద ఉచిత న్యాయ సహాయం ఉంది. కోర్టుకు పోకముందే శాశ్వత లోక్ అదాలత్‌ను ఆశ్రయించే వీలూ ఉంది, ఆసుపత్రి సేవలు దాని పరిధిలోవే.

పోలీసు స్టేషన్ ఈ దారుల్లో ఒకటి కాదు. తీవ్రమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప వైద్య సిబ్బంది మీద క్రిమినల్ కేసు నిలవదని 2005లో జేకబ్ మాథ్యూ తీర్పు గీత గీసింది. రెండు వేళ్లు పైకి పోయిన సూది ఆ గీత దాటదు, దాటించాలని చూడకూడదు కూడా.

రుజువు

ప్రతివాది మొదట అనేది ఒకటే: "మీకు చక్కెర వ్యాధి ఉంది, భుజం బిగుసుకుపోవడం ఆ జబ్బులో మామూలే." ఇది కొట్టిపారేసే వాదన కాదు. మధుమేహం ఉన్నవారిలో భుజం బిగుసుకుపోవడం నిజంగానే ఎక్కువ. ఆ వాదనకు సమాధానం తేదీలే చెప్పాలి. మధుమేహంతో బిగుసుకునే భుజం మెల్లగా బిగుసుకుంటుంది, సూది తగిలిన భుజం రెండు రోజుల్లో మొరాయిస్తుంది. అమెరికా వారి 48 గంటల కొలత మన కోర్టును కట్టివేయదు, కానీ వైద్య సాక్ష్యంగా పనికొస్తుంది.

ప్రతి కేసుకూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పిన కేసు హైదరాబాదుదే. వి.కిషన్‌రావు మలేరియా శాఖ ఉద్యోగి. భార్య జ్వరానికి టైఫాయిడ్ వైద్యం చేసి మలేరియాను వదిలేశారని జిల్లా వినియోగదారుల ఫోరానికి వెళ్లారు. ఫోరం 2 లక్షలు ఇప్పించింది, పై కమిషన్లు కొట్టేశాయి, సుప్రీంకోర్టు తిరిగి నిలబెట్టింది. తప్పు కంటికి కనిపిస్తున్నప్పుడు నిపుణుడి కోసం ఆగనక్కరలేదన్న సూత్రం జబ్బ మీద మిగిలిన సూది గుర్తుకు చక్కగా వర్తిస్తుంది. అందుకే నొప్పి తగ్గకపోతే మొదటి వారంలోనే, ఎముక అంచు కూడా కనిపించేలా ఫొటో తీసి ఉంచడం మంచిది. గుర్తు మాసిపోయాక చెప్పడానికి మాట తప్ప మరేదీ ఉండదు.

కావలసిన కాగితాలు రెండు చోట్ల పుడతాయి. వైద్యుడి దగ్గరున్న రికార్డును అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 వైద్య వృత్తి నియమావళి చెబుతోంది. రెండోది టీకా అనంతర దుష్ప్రభావాల నమోదు. మరణం, ఆసుపత్రిలో చేరడం, వైకల్యం వంటివి జరిగితే జిల్లా కమిటీ విచారిస్తుంది, రాష్ట్ర కమిటీ కారణాన్ని వర్గీకరిస్తుంది. ఆ వర్గాల్లో 'టీకా వేయడంలో పొరపాటు' అనేది ఒకటి. భుజం గాయానికి తగిన గడి అదే. అందులో పడితే దావాకు సగం బలం చేకూరినట్టే. తెనాలి గుంటూరు జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి రేపల్లె వెళ్లింది. కాబట్టి ఒకే రైలు మార్గం మీది పొరుగువారి ఫిర్యాదులు ఇద్దరు వేర్వేరు జిల్లా వైద్యాధికారులకు పోతాయి. దుష్ప్రభావాలను ప్రజలే నేరుగా నమోదు చేసుకునే ఏర్పాటు ఉండాలని 2022 మేలో జేకబ్ పులియేల్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 1800-180-3024 నంబరుకు ఫోన్ చేసి, మందుల దుష్ప్రభావాలను గమనించే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి చెప్పవచ్చు. ఆరోగ్య కేంద్రం రికార్డు కోసం సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. రాష్ట్ర నిబంధనల ప్రకారం మండల స్థాయి కార్యాలయానికి రుసుము 5 రూపాయలు.

నష్టం లెక్క

వైద్య వైకల్యం వేరు, బతుకు వైకల్యం వేరు అని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది రోడ్డు ప్రమాదం కేసు, సూత్రం మాత్రం అన్ని గాయాలకూ పనికొస్తుంది. చెయ్యి పదిహేను శాతం కదలిక పోగొట్టుకుందని డాక్టరు రాస్తాడు. బల్ల ముందు కూర్చుని రాసుకునే గుమాస్తా జీతం దానితో తగ్గకపోవచ్చు. నిజాంపట్నం రేవులో వల లాగే మనిషి, చీరాల మగ్గం మీద పనిచేసే నేతగాడు, తెనాలి నిమ్మకాయల మార్కెట్లో బస్తా ఎత్తే హమాలీ, ఇనుప ముక్కలతో విగ్రహాలు చేసే తెనాలి శిల్పి, వీళ్లకు ఆ పదిహేను శాతమే మొత్తం పని. వేతన రసీదులు లేని ఈ మనుషుల రాబడిని ఎలా లెక్కగడతారన్న దాని మీదే పరిహారం నిలబడుతుంది. మేస్త్రీ హాజరు పుస్తకం, సొసైటీ పాస్‌బుక్కు, చేపల వేలం చీటీ కూడా సాక్ష్యాలే.

వైద్య నిర్లక్ష్యానికి పెద్ద మొత్తం ఇప్పించిన తీర్పుల్లో ఒకటి హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రి మీద వచ్చినదే. 1990లో అక్కడ శస్త్రచికిత్స జరిగి రెండు కాళ్లూ చచ్చుబడ్డ ఇరవై ఏళ్ల ఇంజినీరింగ్ విద్యార్థికి 2009 మే 14న సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇప్పించింది. భుజం గాయాన్ని దానితో పోల్చలేం. కానీ లెక్క కట్టిన పద్ధతి గమనించదగ్గది: జరిగిపోయిన వైద్యం, ముందు కావలసిన వైద్యం, తోడుండే మనిషి ఖర్చు, పోయిన సంపాదన, పడిన బాధ, దేనికది విడిగా. తీర్పు రావడానికి పంతొమ్మిదేళ్లు పట్టింది. ఆ యువకుడు చక్రాల కుర్చీలో కూర్చుని తన కేసు తానే వాదించుకున్నాడు.